ఎడమ చెవి గుర్తు

వికారాబాద్,
16 ఫిబ్రవరి 1958.

సుమిత్రక్కకు,

జవాబు రాయలేదని నన్ను తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, కానీ ఈ ఉత్తరం చివరిదాకా చదివాక.

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం నాకు సీటు ఇచ్చింది. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ, రెండేళ్ళ చదువు. ఫీజు లేదు. అక్కడి ప్రయోగశాలలో పనిచేస్తే తిండికీ గదికీ వాళ్ళే ఇస్తారు. ఓడ ఖర్చు మిషను వాళ్ళు పెట్టుకుంటామన్నారు. మా హెడ్‌మిస్ట్రెస్ రాహేలమ్మగారు ఆ ఉత్తరాన్ని పొద్దుటి ప్రార్థనలో పిల్లలందరి ముందూ చదివారు. అర్థం కాకపోయినా నేను పాఠం చెప్పే పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

పాస్‌పోర్టు కూడా వచ్చేసింది. దాని విచారణ కోసం పోలీసాయన మా బొంరాస్‌పేట వెళ్ళాడట. అమ్మా నాన్నా కలరాలో పోయి, మిషను వాళ్ళు నన్ను ఈ బోర్డింగులో చేర్చినప్పుడు నాకు ఆరేళ్ళు. మా గుడిసె ఉన్నచోట ఇప్పుడు ఎవరిదో బర్రె కట్టేసి ఉందట. నన్ను ఎరిగిన మనిషి కోసం ఊరంతా తిరిగితే చివరికి నాగవ్వ అనే ముసలామె దొరికింది. “మత్తయ్య బిడ్డనా? గా పిల్ల ఇంక బతికే ఉన్నదా?” అందట. ఆ మాట రాసుకుని వెళ్ళాడు. అలా నేను బతికి ఉన్నట్టు సర్కారుకు రుజువైంది.

ఇక మిగిలింది వీసా. మనల్ని లోపలికి రానిస్తామని ఆ దేశం వాళ్ళు పాస్‌పోర్టు మీద వేసే ముద్ర అది. మే నెలలో మద్రాసు వెళ్ళి వాళ్ళ అధికారి ముందు నిలబడాలి. విద్యార్థులకు ఇచ్చే వీసా చదువు వరకే, చదువు కాగానే తిరిగి రావాలని షరతు.

నా ఎర్ర రగ్గు, పుస్తకాల పెట్టె, ఇస్త్రీపెట్టె మా బడి నౌకరు కిష్టప్ప చేత తాండూరు బండిలో పంపుతున్నాను. నువ్వే వాడుకో. బావగారికి నమస్కారాలు.

నీ
మనోరమ


తాండూరు,
3 మార్చి 1958.

మనోరమా,

ఉత్తరం చదివి ఒక్క అరుపు అరిచాను. పక్కింటి కన్నడమ్మ మా ఇంట్లో తేలు కుట్టిందనుకుని ఉల్లిపాయ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

మా ఆయన నాపరాళ్ళ డిపో నుంచి రాగానే నీ ఉత్తరం చేతిలో పెట్టాను. ఆయన అంతా చదివి, “అమెరికాల మనకు పగలైతే రాత్రంట గదా. మరి గీ పిల్లకు నిద్ర ఎట్ల పడుతది?” అన్నాడు. శంకరప్పగారి ఫికర్ అంతా నీ నిద్ర గురించే. రాత్రి అన్నం తింటూ మళ్ళీ అదే మాట.

ఏడో తరగతిలో లెక్కలు నా పలక చూసి చేసేదానివి, జ్ఞాపకముందా? ఆ లెక్కలతో నువ్వు అమెరికా పోతున్నావు, నేను తాండూరు వచ్చాను. ఏడ్పించడానికి అంటున్నానులే. బోర్డింగులో మనిద్దరికీ ఒకే దుప్పటి ఉండేది, దాన్ని నీవైపు ఎక్కువ లాక్కునేదానివి. నీకు ఎక్కువ రావాలని అప్పుడే రాసిపెట్టి ఉంది కాబోలు.

మా అయ్య మొన్న యాలాల్ నుంచి ఉన్ని అమ్మడానికి సంతకు వచ్చాడు. నీ సంగతి చెప్పాను. ఉన్ని మూట దింపి దాని మీద కూర్చున్నాడు. తర్వాత, “గాడ గొర్లు ఉంటయా?” అని అడిగాడు. ఉంటాయన్నాను. “అయితే మనుషులు గూడ మంచోళ్ళే ఉంటరు,” అని బీడీ ముట్టించుకున్నాడు. గొర్రెలు కాసే కురుమోడికి ఇంకో కొలత తెలియదు మరి.

వెళ్ళు మనోరమా. నా గురించి ఆలోచించకు, నాకేం దిగులు లేదు. నీ రగ్గు చాలా వెచ్చగా ఉంది.

సుమిత్ర


వికారాబాద్,
24 మే 1958.

అక్కా,

మద్రాసు నుంచి నిన్న వచ్చాను. వీసా ఇవ్వలేదు.

ఆ అధికారి చెడ్డవాడు కాదు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. మార్కులు చూసి సంతోషించాడు. ఆ తర్వాత, మీ నాన్నగారు ఏం చేస్తారు అన్నాడు. లేరన్నాను. అమ్మ? లేదు. అన్నదమ్ములు? లేరు. ఇల్లు? బడి హాస్టల్లో గది. పొలం? లేదు. పెళ్ళి నిశ్చయమైందా? లేదండి. ప్రతిదానికీ లేదు, లేదు అంటుంటే క్లాసులో పాఠం రాని పిల్లలా అనిపించింది. ఆయన కలం కింద పెట్టి, మర్యాదగానే అడిగాడు: “మరి చదువయ్యాక నువ్వు తిరిగి రావడానికి ఇక్కడ ఏముంది?”

నేను మార్కుల కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

తిరిగి వెళ్తారన్న నమ్మకం లేకపోతే విద్యార్థి వీసా ఇవ్వడానికి తమ చట్టం ఒప్పుకోదన్నాడు. ఈ దేశంతో నిన్ను కట్టి ఉంచేది ఏదైనా చూపించు, ఆగస్టు పదిలోపు మళ్ళీ రా అన్నాడు. సెప్టెంబరులో తరగతులు మొదలవుతాయి. ఆ లోపు వెళ్ళకపోతే ఈ సీటు ఇంకొకరికి పోతుంది.

రైల్లో రెండు రోజులూ ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. అడగవలసిందే అడిగాడు. వేసవి సెలవులకు హాస్టల్ పిల్లలందరి కోసమూ ఎవరో ఒకరు బండి కట్టుకుని వచ్చేవారు. నేను గేటు పక్కన నిలబడి వాళ్ళ పెట్టెలు ఎక్కించేదాన్ని. ఆ గేటు దగ్గరే ఉన్నానక్కా ఇంకా.

మనోరమ


తాండూరు,
9 జూన్ 1958.

ఓసి పిచ్చిదానా,

ఎవరూ లేరని చెప్పి వచ్చావా? మరి నేనెవరిని? ఆ దొర ముందు సుమిత్ర అనే మనిషి ఒకర్తె ఉందని చెప్పడానికి నీకు నోరు రాలేదా? రెండు రోజులు నీకు ఉత్తరం రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మూడోరోజు కూర్చున్నాను.

మా ఆయన ఒక ఉపాయం చెప్పాడు. ఆయన డిపోలో ఒక మేస్త్రీకి భార్య పోయిందట, నలుగురు పిల్లలు. పెళ్ళి చేసుకుంటే దొరకు చూపించడానికి మొగుడూ, పిల్లలూ ఒకేసారి దొరుకుతారట. గరిటె విసిరాను. తప్పించుకున్నాడు.

అసలు సంగతి విను. ఆదివారం అయ్య సంతకు వచ్చాడు. మాట మధ్యలో, మనోరమకు ఇక్కడ ఏమీ లేదని వీసా ఆపేశారని చెప్పాను. అయ్య తింటున్న రొట్టె పక్కన పెట్టాడు.

“గామెకు ఏం లేదని ఎవడన్నడు?” అన్నాడు.

“ఏమున్నదే అయ్యా? భూమి లేదు, ఇల్లు లేదు.”

“గొర్లు లేవా?”

నాకు అర్థం కాలేదు. రజాకార్ల గడబిడతో బడి మూసేసిన ఏడు నిన్ను మా మంద దగ్గరకు తీసుకుపోయాను, జ్ఞాపకం ఉందిగా? తల్లి చచ్చిపోయిన ఆడ గొర్రెపిల్లను, తెల్ల నోరు దాన్ని, నువ్వు వేలికి పాలు రాసి బతికించావు. అయ్య దాని నొసటికి పసుపు బండారు పెట్టి నీ చేతిలో పెట్టాడు. మనం ఆట అనుకున్నాం. మా వాళ్ళలో అది ఆట కాదట మనోరమా. ఆడపిల్లకు బండారు పెట్టి ఇచ్చిన గొర్రె ఇక ఆ పిల్లదే. దాని ఆడసంతానం అంతా ఆమెదే. ఆమె ఎక్కడున్నా తండ్రి తన మందలో మేపాలి. తనవాటికి కుడి చెవి కోస్తే ఆమెవాటికి ఎడమ చెవి కోసి గుర్తు పెట్టాలి. పదేళ్ళుగా అయ్య అలాగే చేస్తున్నాడు. నాకు కూడా చెప్పలేదు, చెప్పవలసిన సంగతని ఆయనకు తోచలేదు.

“ఎన్ని ఉన్నయే అయ్యా?” అన్నాను.

“ఇరవైకి ఒకటి తక్కువ. మొన్న తోడేలు ఎత్కపోయింది గామెదే,” అన్నాడు, నీకు సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు.

సుమిత్ర


వికారాబాద్,
15 జూన్ 1958.

సుమిత్రక్కా,

నీ ఉత్తరం చదివి పకపకా నవ్వాను. తర్వాత గది తలుపు వేసుకుని కూర్చున్నాను.

ఆ గొర్రెపిల్ల నాకు జ్ఞాపకమే. బడి తెరిచాక నా గౌనుకు ఇంకా గొర్రె వాసన వస్తోందని మేట్రన్ రెండుసార్లు ఉతికించింది. ఆ తర్వాత దాన్ని మర్చిపోయాను. నేను పరీక్షలు రాస్తున్నప్పుడు, సిటీలో కాలేజీకి పోతున్నప్పుడు, ఈ గదిలో ఒంటరిగా పండుగలు గడుపుతున్నప్పుడు, యాలాల్ దగ్గర బీళ్ళలో నా పేరున కొన్ని గొర్రెలు మేస్తూ ఉన్నాయంటే ఎలా నమ్మను? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మీ అయ్య, బీరన్న పెద్దనాయిన బాగోగులు అడుగుతూ ఒక కార్డు రాయలేదు నేను.

రాహేలమ్మగారికి చెప్పాను. ఆవిడ నవ్వుతారనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, “ఆస్తి అంటే పొలమే అని ఎవరన్నారు? నిజమైనదేదైనా నిజమని పదిమంది రాసిస్తే చాలు,” అన్నారు. యాలాల్‌లో మీ కులపెద్దలు కూర్చుని, ఈ మంద మనోరమది, ఆమె తిరిగి వచ్చేదాకా బీరన్న మేపుతాడు అని ఒక కాగితం మీద వేలిముద్రలు వేసిస్తే, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి తన సంతకంతో ఇస్తానన్నారు.

ఆ కాగితం తెచ్చిపెడతావా అక్కా? నాకు అడగడానికి సిగ్గుగా ఉంది. కానీ వెళ్ళాలని ఎంత ఉందో నీకు తెలుసు.

మనోరమ


తాండూరు,
8 జూలై 1958.

మనోరమా,

కొంప మునిగింది.

నీ కాగితం కోసం నిన్న మా ఆయనను వెంటబెట్టుకుని యాలాల్ వెళ్ళాను. కులపెద్ద మల్లయ్య తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అయ్య ఏడని అడిగితే ఆశ్చర్యపోయాడు. “నీకెరుక లేదా? గా పిల్ల మందను తోల్కోని వికారాబాద్ పాయె గదా,” అన్నాడు.

ఆగస్టులో నువ్వు ఓడ ఎక్కుతావని అయ్యకు చెప్పింది నేనే. మా ఆచారం ఇంకో సగం ఉందట, అది నాకెవరూ చెప్పలేదు. ఆడపిల్ల పొలిమేర దాటి దూరం పోతుంటే ఆమె మంద ఆమె వెంట పోవాలి. ఉంచుకుంటే ఆడబిడ్డ సొమ్ము తిన్నట్టు. నా పెళ్ళికి నా వెంట గొర్రెలు తోలారు కదా, అలాగే నీకూ. అయ్య నీ గొర్రెలను వేరుచేసి, కుక్కను తీసుకుని, సద్ది కట్టుకుని బయలుదేరాడు. మొన్న పొద్దున పోయాడట.

“గామె పోయేది ఓడల గదా తాతా, గొర్లను ఎట్ల తీస్కపోతది?” అన్నాను.

“గది గామె చూసుకుంటది. మనం ఇచ్చుడు మనం ఇయ్యాలె గదా,” అన్నాడు మల్లయ్య తాత.

ఈ ఉత్తరం ముందొస్తుందో, అయ్య ముందొస్తాడో తెలియదు. గొర్రెలు నీ వెంట వచ్చేస్తే ఇక్కడ నీకేమీ మిగలదు, మళ్ళీ మొదటికే వస్తాం. కానీ గట్టిగా మాట్లాడకు మనోరమా. ఆయనకు ఈ వయసులో అంతదూరం నడక మామూలు సంగతి కాదు.

సుమిత్ర


వికారాబాద్,
13 జూలై 1958.

అక్కా,

పెద్దనాయినే ముందొచ్చాడు.

వాన పడుతోంది. నేను ఆరో తరగతికి ఆకుల పాఠం చెబుతున్నాను. పిల్లలంతా ఒక్కసారి కిటికీల దగ్గరకు పరుగెత్తారు. చూద్దును కదా, గేటులోంచి మంద లోపలికి వస్తోంది. వెనక గొంగడి కప్పుకుని పెద్దనాయిన. రాహేలమ్మగారి క్రోటన్లు ఏవీ మిగల్లేదు. అయినా గొర్రెలను వరండాలోకి తోలమని ఆవిడే చెప్పారు.

పెద్దనాయిన నన్ను గుర్తుపట్టలేదు. “మనోరమ అనే పిల్ల ఉంటది, జర పిలువమ్మా,” అని నన్నే అడిగాడు. నేనేనన్నాను. చాలాసేపు చూసి, “గింత పెద్దగైనవా?” అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఒక ముసలి గొర్రె దగ్గరకు తీసుకుపోయాడు. నోరు తెల్లగా ఉంది. నాకు దుఃఖం ఆగలేదక్కా.

వీటిని వెనక్కి తోలుకుపొమ్మని ఎలా చెప్పను? చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. “నేనిచ్చినవి నీకొద్దా బిడ్డా?” అన్నాడు. వద్దని కాదు, అవి ఇక్కడ ఉంటేనే నన్ను పోనిస్తారని, దొర అడిగినదంతా వివరించాను. శ్రద్ధగా విన్నాడు.

“అంటే నీ సొమ్ము నా తాన ఉంటె నువ్వు వాపసొస్తవని గాయన నమ్ముతడు,” అన్నాడు.

“అవును పెద్దనాయినా.”

“మరి వస్తవా బిడ్డా?”

ఎంత మామూలుగా అడిగాడనుకున్నావు! పొద్దున తిన్నావా అన్నట్టు అడిగాడు. నేను చాయ్ తెస్తానని లోపలికి వెళ్ళిపోయాను.

ఇక నీ దగ్గర దాచను. తిరిగి రావాలని నేనెప్పుడూ అనుకోలేదు. సీటు వచ్చిన రోజే అనుకున్నాను, ఒకసారి దాటితే మళ్ళీ ఈ గేటు మొహం చూడనని. మద్రాసులో ఆయన నా మనసులో ఉన్నదే చదివాడు. నాకెవరూ లేరు కాబట్టి ఎవరికీ అన్యాయం చేయడం లేదనుకున్నాను. ఇప్పుడు ఆ కాగితం అడిగే ముఖం నాకు లేదు. పంపకు.

వాన తగ్గాక పెద్దనాయిన మందను తోలుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ అడగలేదు.

మనోరమ


తాండూరు,
2 ఆగస్టు 1958.

మనోరమా,

నాకు ముందే తెలుసు.

మళ్ళీ వచ్చే మనిషి రగ్గూ, పుస్తకాలూ, ఇస్త్రీపెట్టె పంచిపెట్టి పోతుందా? అవి కిష్టప్ప దింపిన రోజే పెట్టె మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత నాకేం దిగులు లేదని నీకు రాశాను. వెళ్ళు వెళ్ళు అని రాసిందంతా పెద్ద మనసుతో అనుకున్నావా? ఉండమని ఒక్క అక్షరం రాస్తే ఇక నన్ను నేను ఆపుకోలేనని భయం. నాకు ఈ తాండూరులో అన్నీ ఉన్నాయి. మంచి మొగుడున్నాడు. కానీ నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగి, నా పలక చూసి లెక్కలు చేసిన మనిషి నువ్వొక్కదానివే. నువ్వు పోతే నేను చదువుకున్న సంగతి కూడా ఎవరికీ తెలియదు.

అయినా రమ్మని అడగను. కాగితం ఇందులో పెట్టాను. యాలాల్ బడిపంతులు రాశాడు, మల్లయ్య తాతతో పాటు నలుగురు పెద్దలు వేలిముద్రలు వేశారు. నీ ఉత్తరంలో సంగతి అయ్యకు చెప్పాను. చెప్పకుండా వేలిముద్ర వేయించడం తప్పు కదా.

“మల్ల వస్తనన్నదా నీతోని?” అని అడిగాను.

“చాయ్ తెస్తనని లోపలికి పాయె,” అన్నాడు. కాసేపాగి, “చాయ్ మస్తుగ చేసింది,” అన్నాడు.

“రాకపోతే ఎట్ల అయ్యా? కాగితం అబద్ధమైతది గదా.”

“గొర్లు గామెయే గదా. గందుల అబద్ధమేమున్నది? వచ్చుడు రాకుండుడు గామె ఇష్టం,” అని వేలు సిరాలో ముంచాడు.

పదో తారీకు దగ్గరపడింది. బయలుదేరు.

సుమిత్ర


వికారాబాద్,
17 ఆగస్టు 1958.

అక్కా,

వీసా ఇచ్చారు.

ఆయన కాగితం చదివి మొదట నవ్వాడు. తర్వాత తన తాత కూడా గొర్రెలు కాసేవాడన్నాడు. నీవి ఎలా గుర్తుపడతారని అడిగాడు. ఎడమ చెవి అన్నాను. చాలాసేపు కాగితం మీద వేలిముద్రలనే చూశాడు. చివరికి, “తిరిగి వస్తావా?” అన్నాడు.

వస్తానన్నాను. అది నిజమో అబద్ధమో ఆ క్షణాన నాకే తెలియదు. దొరకు ఇట్టే చెప్పగలిగిన మాట పెద్దనాయినకు చెప్పలేకపోయాను, అదే నన్ను తినేస్తోంది.

ఇరవయ్యో తారీకు రాత్రి నేనెక్కే బొంబాయి బండి తాండూరు మీదుగానే పోతుంది. స్టేషనుకు రావద్దు. నిన్ను చూస్తే దిగిపోతాను. ఇంతకాలం వెళ్ళడమంటే ఎంత తేలికో అనుకున్నాను అక్కా. వదిలిపెట్టవలసిన వాళ్ళు లేనప్పుడు తేలికే.

మనోరమ


అయోవా, అమెరికా,
21 జూన్ 1959.

సుమిత్రక్కా,

నీ ఉత్తరాలన్నీ దిండు కింద పెట్టుకుంటాను. మంచు కరిగి ఇక్కడ ఎటు చూసినా పచ్చగా ఉంది. జొన్న చేలను పోలినవి మైళ్ళ కొద్దీ. అవి మక్కలు. బావగారికి చెప్పు, నిద్ర బాగానే పడుతోంది, పడక ఏడ్చిన రాత్రులు చలికాలంలోనే అయిపోయాయి.

వీసా ముద్ర పడితే అయిపోయిందనుకున్నాను, కాదు. ఇక్కడ ఒక్క పాఠం తగ్గించుకోకూడదు, బయట పని చేయకూడదు, జనవరిలో పోస్టాఫీసుకు పోయి ఎక్కడ ఉంటున్నదీ రాసివ్వాలి. నాకిచ్చిన గడువు సెప్టెంబరుతో తీరిపోతుంది, రెండో ఏడుకు పొడిగించమని అడగాలి. నిరుటి కాగితం పాతబడింది కదా, కొత్తది ఒకటి దగ్గర ఉంచుకుంటే మంచిదని ఇక్కడి స్నేహితురాలు అంది. మల్లయ్య తాతను అడిగి మళ్ళీ రాయించి పంపుతావా?

పెద్దనాయిన ఎలా ఉన్నాడు? నా తెల్లనోరుది ఈనిందా? ఈమధ్య నీ ఉత్తరాల్లో మంద ఊసే ఉండటం లేదు.

మనోరమ


తాండూరు,
30 ఆగస్టు 1959.

మనోరమా,

మంద ఊసు ఎందుకు రాయలేదో ఇప్పుడు చెప్తాను. మాఘంలో గొర్రెలకు రోగం తగిలింది. నోరంతా పుండ్లై మేత ముట్టలేదు. అయ్య మందలో సగానికి పైగా పోయాయి. నీవి ఎన్ని పోయాయని అడిగితే, “గామెయి మంచిగనే ఉన్నయి, పోయినయి నాయే,” అన్నాడు. నమ్మాను. పరదేశంలో ఉన్నదానివి, బాధపడతావని రాయలేదు.

నీ కాగితం కోసం మొన్న యాలాల్ వెళ్ళాను. మల్లయ్య తాత ఇదివరకులా కాదు, రోగం వచ్చిన ఏడు కదా, మందను కళ్ళతో చూడందే వేలు పెట్టనని బీళ్ళలో ఉన్న అయ్యకు కబురు పంపాడు. పొద్దుగూకే వేళకు అయ్య మందను తోలుకొచ్చాడు. తాత కట్టె పట్టుకుని ఒక్కొక్క దాని చెవి చూస్తూ పోయాడు. ఎడమ చెవి, ఎడమ చెవి, ఎడమ చెవి. కాగితంలో రాసినన్నీ ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు దగ్గరకు పోయి చూశాను. నాలుగైదింటికి తప్ప, మిగతా వాటి ఎడమ చెవి మీద నెత్తురు ఇంకా ఆరలేదు. వాటి కుడి చెవులకు పాత కోత ఉంది.

“నీ గొర్లు ఏవి బీరన్నా?” అన్నాడు మల్లయ్య తాత.

“గివే.”

“మరి నీయి?”

“నాకెందుకు తాతా, నేనెక్కడికి పోతున్న?” అన్నాడు అయ్య. తర్వాత నావైపు తిరిగి, “కాగితం అబద్ధమని తేలితే గా పిల్లను గాడికెల్లి ఎల్లగొడ్తరు గదా బిడ్డా. చదువు నడుమల ఆగిపోతది,” అన్నాడు.

మల్లయ్య తాత కట్టె పక్కన పెట్టి వేలిముద్ర వేశాడు. కాగితం ఇందులో ఉంది. నీ తెల్లనోరుది మాఘంలోనే పోయింది.

నిరుడు రమ్మని అడగనన్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. ఆయన కోసం కాదు, గొర్రెల కోసం కాదు, నాకోసమే అడుగుతున్నాను. చదువు కాగానే వచ్చెయ్యి మనోరమా. నువ్వు లేక నాకు ఏం బాగాలేదు.

సుమిత్ర


అయోవా, అమెరికా,
14 సెప్టెంబరు 1959.

అక్కా,

కాగితం అందింది. దాన్ని ఎవరికీ చూపించలేదు. నీ కవరు వచ్చేసరికే గడువు పొడిగించేశారు. విశ్వవిద్యాలయం ఇచ్చిన ఉత్తరం ఒక్కటే చాలిందట. గొర్రెల సంగతి ఎవరూ అడగలేదు. పెద్దనాయిన చేసినదంతా అవసరం లేకుండానే చేశాడు. ఈ ముక్క ఆయనకు ఎప్పటికీ తెలియనివ్వకు. ఆ కాగితం చూసే ముద్ర వేశారని చెప్పు.

నీకు ఇంకొకటి చెప్పాలి. మా ప్రొఫెసరుగారు నన్ను ఇక్కడే ఉద్యోగంలో ఉండిపొమ్మంటున్నారు. దానికి వేరే అనుమతి తానే ఇప్పిస్తానన్నారు. వేసవి అంతా ఆలోచిస్తానని చెబుతూ వచ్చాను. నిజానికి మనసులో సరేనన్నాను. నీకు కాగితం కోసం రాసినప్పుడు కూడా.

నీ ఉత్తరం చదివిన రోజు ప్రయోగశాలకు పోలేదు. చేలగట్ల వెంబడి ఊరు దాటిపోయేదాకా నడిచాను. నన్ను పంపెయ్యకుండా ఉండాలని ఆ ముసలాయన కత్తి నూరుకుని, తన గొర్రెలను ఒక్కొక్కదాన్నీ పట్టుకుని కూర్చున్నాడు. నేను రాకపోయినా సరే అన్న మనిషి. మర్నాడు ప్రొఫెసరుగారికి ఉండనని చెప్పేశాను.

పరీక్షలు వచ్చే మేలో అయిపోతాయి. జూలైలో బొంబాయిలో దిగుతాను. ఈసారి తాండూరు స్టేషనుకు నువ్వు రావాలి, రాకపోతే ఊరుకోను.

ఆ వానరోజు పెద్దనాయిన అడిగిన మాటకు నేనింకా జవాబు చెప్పలేదు. కింద రాశాను, నా తరఫున నువ్వు చదివి వినిపించు. పెద్దగా చదువు, పక్కన గొర్రెలు అరుస్తుంటాయి కదా.

వస్త అయ్యా.

మనోరమ